పక్షి కాలు అనుకున్నాను

నా ప్రాజెక్టు గైడు మేడమ్ ఆ ట్రేను నా ముందుకు జరిపి, "ఇవి మీ ఊరి వైపువే, చూడు" అన్నారు. పాత చెక్క బీరువా అడుగు అరలోంచి తీసిన ట్రే అది. లోపల దూది మీద రాయిగా మారిన ఆరు ఎముక ముక్కలున్నాయి, పెద్దది కూడా నా చూపుడు వేలంత లేదు. మూలన మడతపెట్టిన చీటీ ఒకటి. ఇంకు వెలిసిపోయి 'సిరొంచ తాలూకా, కోటా' అన్నంతవరకే కనిపిస్తోంది. కోటా ఆ తాలూకాలో ఊరు, అక్కడి రాతి పొరలకూ అదే పేరు. ఎవరు ఏరారో, ఏ సంవత్సరమో, ఏ వాగులోనో ఏమీ లేదు.

మాది సిరొంచే. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బస్టాండులో రెండూ. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసేది మా దగ్గరే. అవతలి ఒడ్డున కాళేశ్వరం. మా చుట్టాల్లో సగం మంది అటే ఉంటారు. వంతెన రాకముందు పెళ్లిళ్లకు పడవ ఎక్కి వెళ్లేవాళ్లం.

మా తాలూకాలో రాతి ఎముకలంటే పెద్దవే గుర్తొస్తాయి. పోచంపల్లి దగ్గర 1960 ప్రాంతంలో కలకత్తా నుంచి వచ్చిన శాస్త్రవేత్తలు తవ్వితే ఒకే చోట దాదాపు 300 ఎముకలు దొరికాయి. మొదట్లోనే బయటపడ్డ తొడ ఎముక పొడవు 1.7 మీటర్లు. అది చూసే బెంగాలీలో 'పెద్ద కాలు' అని అర్థం వచ్చేలా బరపాసారస్ అన్నారు. అప్పుడు ఠాగూర్ శతజయంతి, అందుకని వెనక టాగోరై అని చేర్చారు. పేరు అచ్చులోకి వచ్చింది మాత్రం 1975లో. నదికి అవతల యామన్‌పల్లిలో దొరికిన కోటాసారస్‌కు 1988లో పేరు పెట్టారు. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది, మా తాలూకా పిల్లలు టూర్‌కు వెళ్తే దాని ముందు ఫోటో దిగకుండా రారు. అలాంటి చోట పుట్టి, ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు డైనోసార్ కావాలని అడిగిన నాకు వచ్చినవి ఈ ఆరు ముక్కలు.

కొంచెం చిన్నబుచ్చుకున్న మాట నిజమే. ఆ చిన్నబుచ్చుకోవడం రెండు గంటలు కూడా నిలవలేదు.

ఆరింటిలో రెండు ఎందుకూ పనికిరాని పెళ్లలు. మిగిలినవి నాలుగు: తొడ ఎముక పై సగం, పిక్క ఎముక పై వైపు ఒక ముక్క, అదే పిక్క ఎముక కింది చివర, పాదంలో వేళ్లకు పైన ఉండే పొడుగాటి ఎముక ఒకటి. ఈ చివరిదాన్ని మెటాటార్సల్ అంటారు. పిక్క ఎముక అడుగున చీలమండ ఎముక, అంటే ఆస్ట్రాగలస్, విడిగా లేదు. పోత పోసినట్టు టిబియాకు, అంటే ఆ పిక్క ఎముకకే, అతుక్కుపోయి కప్పీ ఆకారంలో ఉంది. మెటాటార్సల్ నడుమ సన్నగా, పక్కల నుంచి ఎవరో నొక్కినట్టు ఉంది. పక్షులకు దగ్గరి డైనోసార్లలో కొన్నింటికి పాదం మధ్య ఎముక ఇలాగే నలిగి సన్నబడుతుందని అప్పటికే చదివి ఉన్నాను. విరిగిన చోట చూస్తే ఎముక లోపల బోలు, గోడ పల్చన.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కోటా రాళ్ల వయసు గురించి వాదనలున్నాయి, జురాసిక్ మొదటి భాగమా, మధ్య భాగమా అని. 18 కోట్ల ఏళ్లు వేసుకుందాం. అన్నిటికంటే పాత పక్షిగా చెప్పుకునే, జర్మనీలో దొరికిన ఆర్కియాప్టెరిక్స్‌కు 15 కోట్లు. అంటే మా ఊరి పక్షి కాలు దానికంటే మూడు కోట్ల ఏళ్లు ముందుది! మంచం మీద పడుకుని ఫోన్‌లో పేర్లు కూడా ఆలోచించాను. వాటిలో ఒకటి మా అవ్వ పేరు మీద.

మర్నాడు ఆవేశంగా చెబితే మేడమ్ నవ్వలేదు, కోప్పడలేదు. "పక్షిలా ఉందని అనకు. ముందు మొసలి కాదని చూపించు" అన్నారు. ఆ ఒక్క మాటతో మూడు వారాలు పోయాయి.

జురాసిక్ నాటి చిన్న మొసలి జాతుల్లో కొన్ని సన్నటి పొడుగు కాళ్లతో పరుగెత్తేవి. వాటి ఎముకలూ బోలుగా ఉండొచ్చు. తేడా చీలమండలో తెలుస్తుంది. మొసలికి కీలు ఆస్ట్రాగలస్‌కూ మడమ ఎముకకూ మధ్యలోంచి పోతుంది. మడమ పాదంతో పాటు కదులుతుంది, దానికి వెనక్కి పొడుచుకొచ్చిన బొడిపె ఉంటుంది. డైనోసార్‌కు రెండూ పిక్క ఎముక వైపే ఉండిపోతాయి, కీలు వాటి కింద పడుతుంది. నా ముక్క రెండోరకం. మొసలి పోయింది.

తర్వాత టెరోసార్. కోటా రాళ్లలో ఎగిరే ఆ సరీసృపాల దవడ ముక్క దొరికిందని 1974లోనే రాశారు కాబట్టి దాన్ని పక్కన పెట్టేయడానికి లేదు. వాటికీ చీలమండ అతుక్కుంటుంది, ఎముకలు ఇంకా పల్చన. కానీ వాటి తొడ ఎముక తల మెడ మీద బంతిలా పైకి లేచి ఉంటుంది. నా ముక్కలో తల దాదాపు లంబకోణంలో లోపలికి తిరిగి ఉంది. పైగా పిక్క ఎముక పై ముక్క మీద, పక్కనుండే సన్న ఎముకకు ఆనుకునే వైపు, నిలువుగా ఒక గట్టు ఉంది. పొలం గట్టులా, వేలితో తడిమితే తెలుస్తుంది. ఈ గట్టు ఉంటే థెరోపాడ్ అని చెప్పొచ్చు, అంటే రెండు కాళ్ల మీద నడిచే మాంసాహార డైనోసార్ల గుంపు. కోళ్లూ కాకులూ అందులోంచి వచ్చినవే.

దాంతో నేను మళ్లీ గాల్లోకి లేచాను. థెరోపాడ్ అయింది, చీలమండ అతుక్కుంది, పాదం నడుమ సన్నం. పక్షి కాక ఇంకేమిటి?

ఉగాదికి ఇంటికి వెళ్లాను. అసలు ఎముకలు బయటికి తీసుకెళ్లనివ్వరు, ప్లాస్టర్ అచ్చులు పట్టుకెళ్లాను. పండగ మర్నాడు మా కాక కోడిని తెచ్చాడు. అవ్వ కూర కలుపుతూ నా చేతిలో అచ్చు చూసి, "గిదేందిరా, కోడి కాలు బొక్కా?" అంది.

"కాదవ్వా, కోట్ల ఏండ్ల కిందటి జంతువుది" అన్నాను.

"కోడి బొక్కనే గద. ముదురు కోడిది."

"ముదురుదని ఎట్ల చెప్తున్నవ్?"

"లేత దానికైతే ఉడకంగనే కొస ఊడొస్తది. దీనికి ఊడలే."

నేను పొయ్యి దగ్గరే కూర్చుండిపోయాను. అవ్వ గిన్నెలోంచి ఒక కాలు తీసి, మాంసం వేళ్లతో లాగేసి, కింది కొస పట్టుకుని తిప్పింది. తెల్లటి టోపీలాంటి ముక్క చేతిలోకి వచ్చేసింది. పక్షి పిల్లలో ఆస్ట్రాగలస్, మడమ ఎముక విడిగానే పుడతాయి, పెరిగే కొద్దీ టిబియాకు అతుక్కుంటాయి. ఇది పుస్తకంలో ఉంది, పరీక్షలో నేనే రాశాను కూడా. కూర గిన్నె దగ్గర చూసేదాకా నా ఎముకకు దాన్ని అన్వయించుకోవాలని మాత్రం తోచలేదు. మర్నాడు కాకతో ముసలి పుంజును తెప్పించాను. అవ్వ మూడు విజిళ్లు ఎక్కువే పెట్టింది. మాంసం పీచు పీచుగా ఉంది గానీ ఎముక కొస కదిలితే ఒట్టు. లేతదీ ముదురుదీ రెండు కాళ్ల ఎముకలూ కడిగి, ఆరబెట్టి, రుమాలులో చుట్టుకుని బస్సెక్కాను. పక్క సీటాయన వాసనకు రెండుసార్లు నా వైపు చూశాడు.

అతుక్కోవడం అనేది వయసు గుర్తు కూడా. అంతకంటే చేదు విషయం, పక్షులు ఒక్కటే అలా అతికించుకోలేదు. కోటా కాలానికి దగ్గరి కాలంలోనే, ఇప్పటి జింబాబ్వేలో దొరికిన చిన్న థెరోపాడ్‌కు 1969లో సింటార్సస్ అని పేరు పెట్టారు. పేరులోనే 'అతుకుపడిన చీలమండ' అని ఉంది. అది పక్షుల వంశానికి దగ్గరది కాదు. సీలోఫైసిస్ అనే పాత గుంపులోది. ఆ గుంపులో పెద్దయిన జంతువులకు చీలమండ మామూలుగానే అతుక్కుంటుంది. (సింటార్సస్ అనే పేరు అంతకుముందే ఒక పురుగుకు ఉందట. 2001లో పురుగుల శాస్త్రవేత్తలు దాన్ని మార్చి మెగాప్నోసారస్ అన్నారు, 'పెద్ద చచ్చిన బల్లి' అని. డైనోసార్ల వాళ్లకు ఆ జోకు ఇప్పటికీ అరగలేదు.)

ఇలాంటి పొరపాటు నా ఒక్కడిదే కాదని తెలిసి కాస్త ఊరట కలిగింది. రొమేనియాలో దొరికిన పిక్క ఎముకల కొసలు చూసి, 1975లో ఇద్దరు పరిశోధకులు అవి పెద్ద గుడ్లగూబలవని పేర్లు పెట్టారు. ఒకదానికైతే డ్రాక్యులా పేరు కూడా కలిపారు. తర్వాత చూస్తే అవి చిన్న డైనోసార్లవి. అర్జెంటీనాలో 1980లో నోయాసారస్ అనే చిన్న థెరోపాడ్ కొడవలి గోరు దొరికితే, పక్షుల దగ్గరి వేట డైనోసార్లలాగా అదీ కాలి గోరే అనుకున్నారు. అది చేతి గోరని తర్వాత తేలింది, జంతువు వంశం కూడా వేరు. మన జబల్‌పూర్ రాళ్లలోంచి వచ్చిన చిన్న వెన్నుపూసలకు 1933లో లేవిసూకస్ అని పేరు పెట్టి, పక్షుల వైపు గుంపులో వేశారు. ఇప్పుడు అది ఆ నోయాసారస్ బంధువుల్లో ఉంది. చిన్నది, సన్నది, బోలుది కనబడితే పక్షి అనేయడం చాలా పాత జబ్బు.

తిరిగొచ్చాక ఆస్ట్రాగలస్ ముందు భాగాన్ని మైక్రోస్కోప్ కింద వారం రోజులు చూశాను. ఆస్ట్రాగలస్ నుంచి టిబియా ముందు వైపుకు నాలుకలాంటి ముక్క ఎక్కుతుంది. పక్షులకు దగ్గరి గుంపుల్లో అది పల్చటి పలకలా బాగా ఎత్తుకు పోతుంది. నాదానిలో అతుకు దాదాపు మాసిపోయింది. పక్క నుంచి లైటు వేసి, తల అటూ ఇటూ తిప్పితే వెంట్రుకంత గీత కనిపించింది. ఎముక వెడల్పు 12 మిల్లీమీటర్లు. నాలుక ఎత్తు నాలుగుకు మించలేదు. పొట్టి నాలుక. అంటే పాతరకం.

ఊళ్లోని ఒక స్కానింగ్ సెంటర్‌ను బతిమాలుకుని, పేషెంట్లు అయిపోయాక రాత్రి పదిన్నరకు సీటీ తీయించాను. ఎముక బోలులో నిండిన సున్నపు స్ఫటికం తెల్లగా మెరిసింది తప్ప అతుకు గీత తేలలేదు. డబ్బులు దండగ. ఎముకను కోసి పల్చటి పొర తీస్తే చెట్టు వలయాల్లాగా పెరుగుదల గీతలు కనిపిస్తాయి, వయసు కూడా చెప్పొచ్చు. దానికి మేడమ్ ఒప్పుకోలేదు. ఉన్నదే వేలంత, అందులో కోస్తే మిగిలేదేమిటని.

ఇంకా నా చేతిలో ఒక్కటే మిగిలింది, సన్న నడుము మెటాటార్సల్. చీలమండ పాతరకమైనా, పాదం కొత్తరకం అయితే? అలాంటి కలయిక ఇంతవరకు ఎవరూ చూడలేదంటే అదే కొత్త జాతి. ఇలా రాసుకుంటూ పోయాను. ముప్పై పేజీలు రాశాను.

ఒక మధ్యాహ్నం, ఊరికే, ఎముకల రంధ్రాల్లో ఇరుక్కున్న మట్టిని సూదితో గీకి చిన్న గాజు పలకల మీద వేశాను. ఫోటోకు ఎముకలు శుభ్రంగా ఉండాలని, అంతకుమించి ఆలోచన లేదు. తొడ ఎముకలోంచి వచ్చింది పాలిపోయిన పసుపు. పిక్క ముక్కల్లోంచీ అదే. మెటాటార్సల్‌లోంచి వచ్చింది ఎర్రమట్టి. పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేశాను. పసుపు మట్టి బుసబుసా పొంగింది, సున్నం ఉంది కాబట్టి. ఎర్రది తడిసి ఊరుకుంది. మళ్లీ వేశాను. ఊరుకుంది. చేతులు చల్లబడ్డాయి.

మా లోయలో పొరలు పక్కపక్కనే ఉంటాయి. కోటాలో సున్నపురాయి ఉంది, దానికంటే పాతదైన ట్రయాసిక్ కాలపు మాలేరి పొరల్లో ఎర్ర బంకమన్ను ఉంది. అలాగని మెటాటార్సల్ మాలేరిది అనడానికీ లేదు, కోటాలోనూ ఎర్రమన్ను పొరలున్నాయి. తేలింది ఇంతే: నాలుగు ముక్కలూ ఒకే జంతువువని నాకు చెప్పింది ఆ ట్రే ఒక్కటే. ఎప్పుడో ఎవరో సర్దినప్పుడు రెండు చీటీల ముక్కలు ఒక ట్రేలో పడి ఉండాలి, రెండో చీటీ పోయి ఉండాలి. ఎవరిని అడగాలి?

మేడమ్‌కు చెబితే, బీరువాలోంచి ఒక పాత జిరాక్స్ కాగితాల కట్ట తీసి ఇచ్చారు. 1987లో శంకర్ ఛటర్జీ గోదావరి లోయ మాలేరి పొరల్లోంచి వాకేరియా అనే చిన్న థెరోపాడ్‌ను వర్ణించారు. ఆ పేరు వేరే జీవికి ఉండటంతో 1994లో ఆల్వాకేరియా అయింది. దవడ, వెన్నుపూసలు, తొడ ఎముక, ఆస్ట్రాగలస్ కలిపి ఒక జంతువు అనుకున్నారు. తర్వాత చూసినవాళ్లు అందులో వేరువేరు జంతువుల ముక్కలు కలిశాయన్నారు. తొడ ఎముక, ఆస్ట్రాగలస్ మాత్రం డైనోసార్‌వే అన్నారు. అంత అనుభవం ఉన్నవాళ్లకే ఈ లోయ ఇలా చేసింది. ఇక నేనెంత.

మే నెలలో ఒకసారి పాత చీటీలోని చోటు వెతుకుదామని కాక మోటారు సైకిల్ మీద కోటా వైపు తిరిగాం. అటవీ శాఖ అనుమతి కాగితం జేబులో ఉంది. ఎండకు రాయి ముట్టుకుంటే చురుక్కుమంటోంది. వడధం ఫాసిల్ పార్కు దగ్గర రాయిగా మారిన చెట్ల మొద్దులు చూసి, నీళ్లు తాగి, వాగులు రెండు నడిచాం. చేపల పొలుసు ముక్కలు కనిపించాయి. కోటా సున్నపురాయి చేపలకు పందొమ్మిదో శతాబ్దం నుంచీ పేరున్నదే. కాలి ఎముక ఒక్కటి లేదు. కాక మాత్రం ప్రతి తెల్లరాయినీ ఎత్తి "గిదా?" అని అడుగుతూనే ఉన్నాడు.

చివరికి మిగిలిన మూడు ముక్కలతో లెక్క వేశాను. పద్ధతి పెద్ద కష్టం కాదు, ఓపిక కావాలి. ఒక్కో లక్షణానికీ, తొడ తల ఎటు తిరిగింది, గట్టు ఉందా, నాలుక ఎత్తెంత అని, సున్నా లేదా ఒకటి వేయాలి. కనిపించకపోతే ప్రశ్నార్థకం. ప్రపంచంలోని ఇతర థెరోపాడ్‌లకు ముందే వేసి ఉన్న పట్టికలో నా వరుస చేర్చాలి. రెండు వందలకు పైగా గడుల్లో నేను నింపగలిగింది 19. మిగతాదంతా ప్రశ్నార్థకాలే, చీమల బారులా. దాన్ని టీఎన్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే అది తక్కువ మార్పులతో కుదిరే వంశవృక్షాలు వెతుకుతుంది. నాకు వేల కొద్దీ వచ్చాయి, అన్నీ సమానంగా సరిపోయేవే. అన్నిటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని గీయమంటే చెట్టు రాలేదు, చీపురు వచ్చింది. ఒకే పిడి నుంచి పుల్లలన్నీ బయలుదేరాయి, అందులో ఒక పుల్ల నాది. పరీక్షకని మెటాటార్సల్‌ను కలిపి మళ్లీ నడిపాను. నా పుల్ల పక్షుల వైపు గంతేసి కూర్చుంది. తీసేశాను, మళ్లీ చీపురే. నా ముప్పై పేజీల కథ మొత్తం ఆ ఒక్క ఎర్రమట్టి ఎముక మీద నడిచిందని తెర మీద చూశాక ఆ ఫైలు తీసేయడానికి పెద్దగా బాధ వేయలేదు.

కోటాలో థెరోపాడ్‌లు ఉండేవన్నది కొత్త సంగతి కాదు, వాటి పళ్లు దొరికాయని 2020లోనే అచ్చయింది. కాబట్టి నేను చెప్పగలిగింది: నెమలి అంతటి, పెరిగి పెద్దయిన, పాతరకం థెరోపాడ్ ఒకటి. సీలోఫైసిస్ గుంపుది కావచ్చు. ఆ కాలంలోని వేరే గుంపులకూ చీలమండ అతుక్కునేది కాబట్టి కాకపోవచ్చు కూడా. వైవాలో బయటి నుంచి వచ్చిన సార్ ఒకే ప్రశ్న అడిగారు, పెరిగి పెద్దయిందని ఎలా చెప్పావని. రుమాలులోంచి కోడి ఎముకలు రెండూ తీసి టేబుల్ మీద పెట్టాను. ఆయన లేతదాని కొస ఊడదీసి, మళ్లీ పెట్టి, మళ్లీ ఊడదీశారు. మార్కులు బాగానే వేశారు.

ఇంటికి ఫోన్ చేస్తే అవ్వ అడిగింది, "పేరు పెట్టినవా దానికి?"

"పెట్టలే అవ్వా."

"మరి గిన్ని దినాలు ఏం జేసినవ్రా?"

రిజిస్టర్‌లో ఆ మూడు ముక్కల ఎదురుగా 'థెరోపాడ్, గుంపు నిర్ధారణ కాలేదు' అని రాశాను. మెటాటార్సల్‌ను వేరే డబ్బాలో పెట్టి, ఎర్రమట్టిని చిన్న సీసాలో పోసి, ఈసారి చెరగని ఇంకుతో చీటీ రాశాను. ఏ ట్రేలోంచి తీశానో, ఏ తేదీన తీశానో, ఎందుకు విడదీశానో. కోడి ఎముకలు కూడా ఆ బీరువాలోనే ఉన్నాయి, వాటికీ నంబర్లు వేశారు.